రెండు మీటర్ల లోతు

కొత్తగా ఉద్యోగంలో చేరిన పిల్లలు అప్పుడప్పుడూ ఇంటికొచ్చి, "సార్, మీ అనుభవం నాలుగు మాటల్లో చెప్పండి" అని అడుగుతుంటారు. వాళ్ళకు నిజంగా కావలసింది బదిలీ ఎలా ఆపించుకోవాలో. ఆ విద్య నాకు రాదు, వచ్చుంటే మూడు దశాబ్దాలు కర్నూలు, కడప జిల్లాల ఎండలో తిరిగేవాణ్ణి కాదు. నాకు తెలిసిందల్లా మట్టి, నీళ్ళు, ఆ రెంటి మధ్య దూరి మేము చేసిన ఘనకార్యాలు. వాటిలో చాలావరకు పదిమంది కలిసి చేసినవే. ఒక్కటి మాత్రం పూర్తిగా నాదే. అది చెబుతాను.

ఉద్యోగం అంటే

మీ నియామకపు కాగితంలో "నేల, నీటి సంరక్షణ" అని ఉంటుంది. చదివి మురిసిపోకండి. సీమలో నేలా నీళ్ళూ మనకంటే చాలా ముందునుంచే ఉన్నాయి. మనమొచ్చి సంరక్షించేదాకా అవేమీ ఊపిరి బిగబట్టుకుని కూర్చోలేదు.

నేను మొదట ఆత్మకూరులో చేరాను. నల్లమల వాలులో వాగులకు అడ్డంగా రాతికట్టలు కట్టించడం పని. ఎన్ని కట్టామో ప్రతి సోమవారం చెప్పాలి. ఎక్కడ కట్టామో మాత్రం ఎవరూ అడిగేవారు కాదు. కాబట్టి జీపు పోయే దారి పక్కనే, ఒకే వాగుకు, కేకేస్తే వినబడేంత దూరంలో మూడు కట్టలు కట్టించాను. మొదటి కట్ట దగ్గర ఆగిన నీళ్ళు రెండోదాని మొహం చూడలేదు. మూడోదాని మీద నెమళ్ళు కూర్చుని ఎండ కాగేవి. ఆ ఏడాది నాకు మెచ్చుకోలు ఉత్తరం వచ్చింది.

ఈ ఉద్యోగంలో తిట్లకు భయపడాల్సిన పని లేదు. తప్పు చేసినప్పుడు వచ్చే మెచ్చుకోలుకు భయపడండి. అది మనిషిని అదే తప్పు మళ్ళీ చేసేలా తయారుచేస్తుంది. నన్ను చేసింది.

కరువుకు కొత్త పేరు

రెండు వేల సంవత్సరం దాటి నేను కడప జిల్లాకు వచ్చేనాటికి మా ఆఫీసులో "కరువు" అనే మాట మొరటైపోయింది. దాని బదులు "వాతావరణ మార్పు" వచ్చింది. దాని మీద సదస్సులు మొదలయ్యాయి. తాగడానికి సీసా నీళ్ళు, కూర్చోవడానికి చల్లటి హాలు, గోడ మీద బొమ్మలు. బొమ్మల్లో నెర్రెలిచ్చిన నేల. కిటికీ తెర తీస్తే అదే నేల బయట ఉచితంగా కనబడేది, కానీ ఎండ పడుతుందని తెర తీయనిచ్చేవారు కాదు.

మా డైరెక్టరు గారు మంచివారు. ఎవరినీ తిట్టరు, ఎవరి మాటా వినరు. సదస్సులో వేదిక మీద ఒక రైతైనా ఉండాలని ఆయన పట్టు. తెచ్చే పని నాది. ఎర్రగుంట్ల నుంచి లోపలికి పోతే వచ్చే ఒక ఊరి నుంచి దస్తగిరిని తెచ్చాను. ఊరి పేరు చెప్పను. చెబితే నా పేరు కూడా చెప్పాల్సి వస్తుంది.

దస్తగిరి అచ్చంగా రైతు కాడు, నీరుగంటి. ఆ ఊరికి పెద్దకుంట అని ఒక కుంట ఉంది. కుంట తూము తెరవడం, మూయడం, ఎవరి మడికి ఎప్పుడు ఎంత నీళ్ళు పోవాలో చూడడం నీరుగంటి పని. ఆయన తాత ముత్తాతల నుంచీ వాళ్ళింటిదే ఆ బాధ్యత. పంట వచ్చాక కల్లంలో ఇంటికింత అని గింజలు కొలిచి ఇచ్చేవాళ్ళు. కుంట కింద వరి పండితేనే ఆయనింట్లో అన్నం. అప్పటికే అరవై ఏళ్ళు దాటాయి. గళ్ళ లుంగీ, భుజాన తువ్వాలు, చెప్పుల్లేని కాళ్ళు. హాల్లోకి వచ్చి ముందు ఆ చల్లటి గాలి ఎక్కడినుంచి వస్తోందో వెతికాడు.

మైకు ఇచ్చి "మార్పు గురించి చెప్పండి" అన్నారు.

"వాన మారిందప్పా," అన్నాడు. "ముందర నెలంతా కొంచెం కొంచెం పడుతుండె. ఇప్పుడు నెల వానంతా రెండు దినాల్లో పడి పోతాండాది. నెలకు సరిపడే అన్నం ఒకే పూట తినమంటే యట్ల తింటాం? దాచుకునేకి కుండ ఉండల్ల. మాకుండే కుండ ఆ కుంటే. అది నిండా ఒండ్రు చేరింది. ఒండ్రు తీయించండి సారూ, శానా పుణ్యం."

గంటలకొద్దీ బొమ్మలు చూపించినవాళ్ళెవరూ అంత తెలివైన మాట చెప్పలేదు. డైరెక్టరు గారు చప్పట్లు కొట్టించి, శాలువా కప్పించి, పెద్దకుంట పూడికతీత నాకు అప్పగించారు. ఇంతవరకూ అంతా బాగానే జరిగింది.

పిడికెడు మన్ను

పని మొదలుకాకముందే శిలాఫలకం సిద్ధమైంది. నల్లటి కడప బండ, నిలువెత్తున. పైన పెద్దవాళ్ళ పేర్లు పెద్ద అక్షరాల్లో, తర్వాత హోదా తగ్గేకొద్దీ అక్షరమూ తగ్గుతూ, అట్టడుగున నా పేరు. దాన్ని కట్ట మీద రెండు సిమెంటు దిమ్మెల మధ్య నిలబెట్టారు. నిజం ఒప్పుకోవాలి కదా, ఒక ఆదివారం ఇంట్లోవాళ్ళను జీపెక్కించుకుని పోయి చూపించాను. మా ఆవిడ కొంగుతో నా పేరు మీద దుమ్ము తుడిచింది.

ఎస్టిమేటు ప్రకారం కుంటంతా రెండు మీటర్లు తవ్వాలి. రెండే ఎందుకంటే పక్క కుంటకు రెండు, దాని పక్కదానికీ రెండు. జిల్లాలో కుంటలన్నీ మా ఆఫీసులో ఒకే టైపు మిషను మీద పుట్టాయి.

మే నెలలో జేసీబీలు దిగాయి. ఊళ్ళో పండుగలా ఉంది. కుంటలో ఒండ్రు తీసి ఎర్రనేలల్లో తోలుకుంటే తడి ఆరకుండా పదును నిలుస్తుందని, వాన వెనకబడినా శనక్కాయ పైరు ఇంకో వారం తట్టుకుంటుందని అక్కడి రైతుకు తెలుసు. ట్రాక్టర్లు వరసకట్టి తోలుకుపోయాయి. దస్తగిరి పొద్దున్నే గుంతలోకి దిగి, తవ్విన చోట పిడికెడు మన్ను తీసి పిసికి చూసి, పారేసి, ఇంకో చోటికి పోయేవాడు. ముసలాయనకు వేరే పని లేదనుకున్నాను.

ఎనిమిదో రోజు నా జీపుకు అడ్డం వచ్చాడు.

"సారూ, మిషన్లు ఆపమనండి."

"ఏమయింది దస్తగిరీ?"

"మన్ను మారింది. నిన్న తీసింది ఇది." పిడికిలి తెరిచాడు. నల్లటి ముద్ద, వేళ్ళ గుర్తులు పడి ఉంది. రెండో చేతిది తెరిచాడు. ఎర్రటి పొడి వేళ్ళ సందుల్లోంచి జారిపోయింది. "ఇది ఈ దినం తీసింది. గరుసు తగిలింది సారూ, అది నీళ్ళు నిలపదు. ఈడికే ఆపల్ల. ఇంగా తవ్వితే కుంటకు అడుగు ఉండదు."

"ఇంకా నలభై సెంటీమీటర్లు ఉందే తవ్వాల్సింది."

"యాడ ఉండాది?"

"ఎస్టిమేటులో."

ఆయన నా చేతిలోని కాగితాన్నీ తన చేతిలో మిగిలిన పొడినీ చూశాడు. "మీ కాయితానికి అడుగు గట్టిగానే ఉండాది సారూ. కుంటకే లేదు."

చుట్టూ ఉన్న ట్రాక్టరువాళ్ళు నవ్వారు. ఆ నవ్వే కొంప ముంచింది. నలభై సెంటీమీటర్లు తగ్గిస్తే లక్ష్యం చేరలేదని పైవాళ్ళకు సంజాయిషీ రాసుకోవాలి, అదొకటి. పదిమంది ముందు పలచనయ్యాను, అది రెండోది. "ఇంజనీరు నువ్వా, నేనా?" అన్నాను.

ఆయన పక్కకు జరిగి జీపుకు దారిచ్చాడు. మరో నాలుగు రోజుల్లో ఎస్టిమేటులో ఉన్న లోతు కుంటలో కూడా వచ్చింది. సెంటీమీటరు తేడా లేదు. అంత కచ్చితంగా నేనింకే పనీ చేయించలేదు.

పన్నెండు రోజులు

ఆ ఏడాది వాన దస్తగిరి చెప్పినట్టే వచ్చింది. రెండు రోజులు కుమ్మరించి వెళ్ళిపోయింది. కుంట నిండింది. డైరెక్టరు గారు వచ్చి కొబ్బరికాయ కొట్టి, నీళ్ళకు హారతిచ్చి, శిలాఫలకం పక్కన ఫోటో దిగారు. రైతులు నారు పోశారు.

మర్నాటి నుంచి దస్తగిరి నీటి అంచున ఒక పుల్ల గుచ్చడం మొదలుపెట్టాడు. రోజుకొకటి. పుల్లకూ పుల్లకూ మధ్య జానెడు ఉండాల్సిన చోట బారెడు ఉంది. పన్నెండు పుల్లలకు కుంట అయిపోయింది. నీళ్ళు తూములోంచి పోలేదు, కట్ట తెగలేదు. అడుగున నేను తెరిచిపెట్టిన గరుసులోంచి చడీచప్పుడూ లేకుండా దిగిపోయాయి. నారుమళ్ళు ఎర్రబారాయి. ఇక నాటేదేమీ లేదని తెలిశాక ఊళ్ళో పెద్ద మందగల ఓబులమ్మను పిలిచి గొర్రెలను మళ్ళలోకి తోలుకోమన్నారు. కుంట కింద ఒక్క ఎకరా కూడా నాటలేదు.

అయితే దిగువన నలుగురు చీనితోటల వాళ్ళు, అంటే బత్తాయి రైతులు, ఉన్నారు. వాళ్ళ బోర్లలో నీళ్ళు పైకొచ్చాయి. మా నివేదిక ఆ నాలుగు బోర్లను పట్టుకుంది. పెద్దకుంట పంటలకు నీరిచ్చే కుంటగా ఎండిపోయి, "భూగర్భజలాలు పెంచే ఇంకుడు చెరువు"గా మళ్ళీ పుట్టింది. తరువాతి సదస్సులో డైరెక్టరు గారు దాని బొమ్మ వేసి, నన్ను లేపి నిలబెట్టి, ముందుచూపున్న అధికారి అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు.

అప్పుడు నేను చేయాల్సింది ఒక్కటే. అది పొరపాటు, నాదే అని చెప్పాలి. చెప్పలేదు. చప్పట్లు ఆగేదాకా నిలబడి, ఆగాక కూర్చున్నాను. ఇన్నేళ్ళ తర్వాత కూడా ఆ చప్పట్లు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

ఎర్రగుంట్ల గేటు దగ్గర

ఏడాదిన్నర గడిచింది. ఒక మధ్యాహ్నం ఎర్రగుంట్లలో రైలు గేటు పడి జీపు ఆగింది. టీ కొట్టు దగ్గర లారీ కూలీలు నలుగురు కూర్చున్నారు. ఒళ్ళంతా సిమెంటు. ఒకాయన లేచి నా దగ్గరికి వచ్చాడు. కనుబొమ్మలు కూడా బూడిదరంగులో ఉన్నాయి.

"బాగుండారా సారూ?"

గొంతును బట్టి పోల్చుకున్నాను. "దస్తగిరీ, నువ్వీడ ఏం చేస్తాండావు?"

"లారీలకు పరదా కట్టేది, కింద పడిన సిమెంటు ఊడ్చేది. మూటలు ఎత్తేకి చేతగాదు గదా ఈ వయసులో."

"మరి కుంట?"

"నీళ్ళుంటేనే గదా సారూ నీరుగంటి."

ఒక్క నిష్ఠూరం కూడా ఆడలేదు. ఆడి ఉంటే నేనేదో ఒక సమాధానం చెప్పి బయటపడేవాణ్ణి. దగ్గు వచ్చి పక్కకు తిరిగాడు, తువ్వాలు అడ్డం పెట్టుకున్నాడు. రైలు పోయింది, గేటు లేచింది, వెనక లారీలు హారన్లు కొడుతున్నాయి. నేను జీపు దిగాను.

"దస్తగిరన్నా," అన్నాను. ఆయన్ను అన్నా అనడం అదే మొదటిసారి. "తప్పు నాది. ఆ కుంటను మళ్ళీ నిలబెట్టే దారుందా?"

ఆయన నోటికున్న తువ్వాలు తీశాడు. "ఏంటికి లేదు? తీసిన కాడ మన్ను పోయల్ల, తొక్కించల్ల. మా అబ్బ కాలంలో ఒకసారి చేసినారంట." తువ్వాలుతో మొహం మీది సిమెంటు తుడుచుకున్నాడు. "ఈసారి ఎస్టిమేటు ఎవరు ఏస్తారు సారూ?"

"నువ్వు చెప్పు, నేను రాస్తా."

ఆరువందల గొర్రెలు

ఊళ్ళో అందరితో మాట్లాడదామని కూర్చుంటే మొదట ఎదురు తిరిగింది చీనితోటల వాళ్ళు. కుంట కారితేనే వాళ్ళ బోర్లకు బతుకు. పైగా నా నివేదికే పట్టుకొచ్చి చూపించారు. "మీరే గదా సారూ ఇంకుడు చెరువని రాసినారు!" అన్నారు. నా అబద్ధానికి అంత శ్రద్ధగల పాఠకులు దొరుకుతారనుకోలేదు.

తగువు తీర్చింది దస్తగిరే. కట్టెపుల్లతో నేల మీద కుంట గీసి, తూము ముందున్న లోతు భాగం చుట్టూ ఇంకో గీత గీశాడు. "ఈ కడుపు వరకే మన్ను కొడదాం. పై భాగం కారనీ. వాన ఒకేసారి వస్తే పైదాకా నిండుతాది, ఆ నీళ్ళు మీ బోర్లకు. కడుపులో నిలిచింది వరికి. ఎవరూ పూర్తిగా చావరు."

వాన మారితే కుంట ఎలా మారాలో అంతకంటే బాగా చెప్పినవాణ్ణి నేను చూడలేదు. తర్వాత డైరెక్టరు గారు దానికి "బహుళ ప్రయోజన నమూనా" అని పేరు పెట్టారనుకోండి.

ఎగువన తెగి పాడుబడిన పాత కుంటలోంచి జిగురు మన్ను తోలాం. ట్రాక్టర్లు రైతులవి, తడపడానికి నీళ్ళు చీనితోటల బోర్లవి. ఇక తొక్కించాలి. నేను రోలరు తెప్పిస్తానన్నాను. దస్తగిరి వద్దన్నాడు. "అది పైపైన అణుస్తాది. గొర్రెలు కావల్ల. సన్న గిట్టలు, లోపలికి దిగి పిసుకుతాయి."

కాలేజీలో బంకమట్టిని అణిచే ఇనుప రోలరు గురించి చదివాను. దాని చుట్టూ గొర్రె గిట్టల్లాంటి మేకులుంటాయి. పరీక్షలో బొమ్మ గీసి మార్కులు కూడా తెచ్చుకున్నాను. ఆ గిట్టలు ఎవరివి, అవి ఇనుముగా మారకముందు ఏం చేసేవి అని నాకెప్పుడూ తోచలేదు.

మంద ఓబులమ్మది. ఆమె అంత తేలిగ్గా లొంగలేదు.

"తవ్వేది మీరు, తొక్కేది మేమా?" అంది. "మీ మిషన్లు పాడు చేసింది బాగుచేసేకి నా గొర్రెలు కావల్నా? నిండినంక మల్లా ఈడ గొర్రెలు నీళ్ళు తాగగూడదని బోర్డు పెడతారు. నేను చూడలేదా ఏంది?"

"పెట్టంలేమ్మా."

"నీ మాట నాకెందుకప్పా? నువ్వు రేపు బదిలీ అయి పోతావు. దస్తగిరి చెప్పనీ."

దస్తగిరి తల మీద చెయ్యి పెట్టుకుని చెప్పాడు. అప్పుడు ఒప్పుకుంది. నా సంతకానికి ఆ ఊళ్ళో ఉన్న విలువ నాకు బాగా తెలిసొచ్చింది.

జానెడు మందాన మన్ను పరచడం, తడపడం, ఆరువందల గొర్రెలను గుండ్రంగా తిప్పడం. ఆ పొర గట్టిపడ్డాక మరో పొర. పొద్దున్నుంచి ఎండ నెత్తికెక్కేదాకా, తొమ్మిది రోజులు. ఓబులమ్మ గట్టు మీద నిలబడి అదిలిస్తుంటే, దస్తగిరి మోకాళ్ళదాకా బురదతో మంద వెనకే నడిచాడు. సిమెంటు రంగు పోయి మనిషి మళ్ళీ నల్లబడ్డాడు.

ఆఫీసులో డైరెక్టరు గారికి వచ్చిన సందేహం వేరే. "గొర్రెలా? ఏ పద్దు కింద?" ఆ రోలరు సంగతి చెప్పాను. "ఇంకేం, రోలరు అని రాసెయ్యండి" అన్నారు. రాశాను. ఉద్యోగంలో రాసిన అబద్ధాలన్నిటిలో అదే నిజానికి కాస్త దగ్గరగా ఉంది.

బండ

ఆ ఏడాది వాన అంతంతమాత్రం. కుంట కడుపు సగమే నిండింది గానీ నిండింది నిలిచింది. తరువాతి ఏళ్ళలోనూ అంతే. అసలైన పరీక్ష కర్నూలు మునిగిన ఏడాది వచ్చింది. కర్నూల్లో కరువును ఎదుర్కోవడం మీద సదస్సు పెట్టుకున్నాం. కరువు సదస్సు వరద వల్ల రద్దయింది. చాలామంది నొచ్చుకున్నారు. నేను దారులు బాగుపడ్డాక, మూడు వారాలకు పెద్దకుంటకు పోయాను.

కుంట కడుపు నిండుగా ఉంది. దస్తగిరి అంచున పుల్లలు గుచ్చే ఉంచాడు. పన్నెండు దాటాయి, ఇరవై దాటాయి. పై భాగం ఇంకిపోయాక పుల్లకూ పుల్లకూ మధ్య జానెడే. దిగువన నాట్లు పడుతున్నాయి. అవతలి ఒడ్డున ఓబులమ్మ మంద నీళ్ళు తాగుతోంది, బోర్డు ఏదీ లేదు. కట్ట మీద అటూ ఇటూ నడిచాను. అప్పుడు చూశాను. రెండు సిమెంటు దిమ్మెలున్నాయి, మధ్యలో శిలాఫలకం లేదు.

"బండ యాడికి పోయింది దస్తగిరన్నా?" ఎవరో బట్టలుతకడానికి పట్టుకుపోయారేమో అనుకున్నాను.

ఆయన కొంచెం తడబడ్డాడు. తూము ముందరి నీళ్ళను చూపించాడు. "మొన్న ఎండాకాలం కుంట అడుగు కనపడినప్పుడు లోపల పరిచినాం సారూ. గొర్రెలు తొక్కిన మన్ను మీద. దాని పైన ఎంత ఒండ్రు చేరినా తీసుకోవచ్చు. మిషను పల్లు బండకు తగిలితే ఆపల్ల. మేం చెప్తే మీవాళ్ళు ఇనరు గదా. బండ చెప్తే ఇంటారు."

నేను నవ్వాను. ఆయన నవ్వలేదు.

"పేర్లు పైకి పెట్టారా, కిందికా?"

"కిందికే సారూ. పైకి పెడితే చదివేకి మల్లా ఎవరన్నా తవ్వుతారు."

తర్వాత డైరెక్టరు గారు ఫోన్ చేసి, నిండిన కుంట దగ్గర శిలాఫలకం పక్కన ఒక ఫోటో కావాలన్నారు. బండ నీళ్ళలో ఉంది సార్ అన్నాను. "అయ్యో, అంత నిండిందా!" అని ఆయన చాలా సంతోషించారు. నేను సరిదిద్దలేదు.

నాలుగు మాటల్లో చెప్పమన్నారు, నలభై మాటలయ్యాయి. దస్తగిరన్న ఇప్పుడు లేడు. పిడికిట్లో మన్ను పిసికి మీకు చెప్పేవాళ్ళు ఆ ఊళ్ళో ఉన్నారో లేదో నాకు తెలియదు. మీలో ఎవరో ఒకరు, చేతిలో రెండు మీటర్ల కాగితంతో, ఆ కుంటలో పూడిక తీయించడానికి తప్పకుండా వెళ్తారు. కొంత తవ్వాక యంత్రానికి నల్లటి బండ తగులుతుంది. దాన్ని తిప్పి నా పేరు చదవకండి. అక్కడితో ఆపండి.